ఫ్రెంచిలో లేని పోలయ్య

మా ఊరిని ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలారు. వాళ్ళు వెళ్ళేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. ఊరు ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. వలలకి చిల్లులు పడుతుంటే దొరలెవరికి గుర్తుంటారు? రాజధానిలో మాత్రం ఎవరికో గుర్తుంది. దొరలు వెళ్ళి యాభై ఏళ్ళు నిండాయని లెక్కగట్టి, ఆ ఏడు శ్రావణమాసంలో ఒక ఉత్తర్వు పంపారు. ఉన్నన్నాళ్ళూ పొమ్మన్నాం, పోయాక మర్యాద చేద్దామన్నారు. తద్దినాలు పెట్టేవాళ్ళకి తెలుస్తుంది, పోయినవాళ్ళతో ఎంత సుఖమో.

ఉత్తర్వు వచ్చింది మా సముద్ర కొలతల ఆఫీసుకి. ఆ ఆఫీసు ఎందుకుందో ముందు చెప్పాలి. మా ఊరు దాటగానే గోదావరి పాయ సముద్రంలో కలుస్తుంది. కలిసేచోటుని మేం మొగ అంటాం. ఏటా వరద తీశాక మొగలో ఇసక మేటలు చోటు మారతాయి. నిరుడు పడవ పోయిన దారిలో ఈ ఏడు కొంగ నిలబడుతుంది. అందుకని వరద తీయగానే ఆఫీసు లాంచీ వెళ్ళి, ఎక్కడ ఎంత లోతుందో కొలిచి, దారికి అటూ ఇటూ ఎర్రగుడ్డలు కట్టిన వెదురు గెడలు పాతుతుంది. గెడలు పాతిందాకా మా ముప్పై రెండు పడవలూ కట్లు విప్పవు. కట్లు విప్పిందాకా పొయ్యిలో పిల్లి లేవదు.

ఆఫీసులో పదకొండు మంది. పదిమంది కొలతలు రాస్తారు, గీస్తారు, దాస్తారు, కింద సంతకాలు పెడతారు. కొలిచేది మాత్రం ఒక్కడు. అతను మా అల్లుడు పోలయ్య. బారకొక ముడి వేసిన తాడు చివర సీసపు గుండు కట్టి, గుండు అడుగున ఉన్న గుంటలో కొవ్వు ముద్ద కూరి, లాంచీ ముక్కున నిలబడి విసురుతాడు. ముడులు లెక్కపెడితే లోతు తెలుస్తుంది. పైకి లాగితే కొవ్వుకి అడుగు మన్ను అంటుకుని వస్తుంది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి నాలిక్కి రాసుకుంటాడు. గరుకు ఇసకయితే అక్కడ ఏరు పారుతున్నట్టు, ఆ దారి నిలుస్తుంది. జిగురు బురదయితే ఎంత లోతున్నా నమ్మకూడదు, పక్షం తిరక్కుండా పూడిపోతుంది. వాళ్ళ తాతా ఇలాగే చూసేవాడు.

సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారు ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉత్తర్వు చదివారు. మనిషి మంచివారే. పదేళ్ళుగా సముద్రాన్ని కొలిపిస్తున్నారు, లాంచీ ఎక్కింది రెండుసార్లు.

"'సదరు కార్యాలయమందలి సర్వ ఉద్యోగ నామములూ ఆంగ్లమున ఉండుట పట్టణ వారసత్వమునకు భంగకరమైనందున, తక్షణమే వానిని ఫ్రెంచి భాషలోనికి మార్చవలెను. మార్పు పూర్తియగు పర్యంతము ఆంగ్ల నామములు రద్దయినట్లు భావింపవలెను.' అర్థమైందా?"

"కాలేదండి," అన్నాడు పోలయ్య.

"ఇంగ్లీషు పేరు పోయింది. ఫ్రెంచి పేరు ఇంకా రాలేదు. ఈ మధ్యలో నువ్వెవరివి?"

"పోలయ్యనండి."

"అది నీ పేరు. నీ హోదా ఏమిటి?"

"గుండేత్తానండి."

"అది పని. హోదా లేనివాడు చేసేదాన్ని పని అనరు పోలయ్యా. అనధికార చర్య అంటారు."

ఆ మధ్యాహ్నమే గుండునీ తాడునీ బీరువాలో పెట్టి లక్కముద్ర వేశారు. హాజరు పుస్తకంలో హోదా గడి ఖాళీగా ఉంది కనక సంతకాలు చెల్లవన్నారు. పదకొండు మందీ రోజూ పదింటికి వచ్చి, రాలేదనిపించుకుని, అయిదింటికి ఇళ్ళకి వెళ్ళేవారు.

అవతల వరద తీసేసింది. నీళ్ళు తేటపడ్డాయి. పెద్దపడవ ఆసామీ లంకే నరసయ్య రోజూ పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. వరసకి నాకు మరిది.

"ఏవే వదినా, మీ అల్లుడికి పేరెట్టడం అయ్యిందా?"

"ఇంకా బారసాల కాలేదు నరసయ్యా."

"బేగా కానియ్యమను. సేపలు ఫ్రెంచోళ్ళ కోసం ఆగవు."

ఇంకో వారానికి రాజధాని నుంచి హోదాల అనువాద ప్రత్యేకాధికారి విశ్వపతి గారు దిగారు. మడత నలగని పంచె, చంకలో మూడు ఫైళ్ళు. రేవులో పడవల వాళ్ళంతా చుట్టూ చేరారు. "మీకు ఫ్రెంచి బాగా వచ్చాండి?" అని నరసయ్య అడిగాడు.

"రాదు," అన్నారాయన, ఏమాత్రం తొణక్కుండా. "రాకపోవుటయే నా అర్హత. వచ్చినవానికి ఈ మాట బాగున్నది, ఆ మాట బాగులేదని పక్షపాతము కలుగును. నాకు అన్నియు సమానము."

ఆయన తెచ్చిన ఫైల్లో ఇంకో నియమం ఉంది. కొత్త మాటలు పుట్టించకూడదు. దొరల కాలంలో ఈ ఊళ్ళో అలాంటి ఉద్యోగి నిజంగా ఉండి ఉండాలి, అతన్ని ఏమని పిలిచేవారో తెలిసిన సాక్షి ఉండాలి. దానికి పూర్వాధారం అని పేరు. దొరల కాలంలో సముద్ర కొలతల ఆఫీసు లేదే అని దక్షిణామూర్తి గారు నసిగితే, "పోలిక చాలును. పోలికయే అనువాదము," అన్నారు విశ్వపతి గారు.

సాక్షుల కోసం ఊరంతా గాలిస్తే ఇద్దరం తేలాం. ఒకరు సైగాను తాతారావు గారు. ఫ్రెంచి సైన్యంలో చేరి సైగాను దాకా వెళ్ళొచ్చిన పెద్దమనిషి, ఎనభై నాలుగేళ్ళు. ఆయనకి వచ్చిన ఫ్రెంచంతా కవాతు. రెండోదాన్ని నేను. తొమ్మిదో ఏట నుంచి అయిదేళ్ళు దొర బంగళా వంటింట్లో పనిచేశాను. నేను బళ్ళో చదివింది రెండో తరగతి, అదీ తెలుగు.

ఆఫీసు వసారాలో కుర్చీలు వేశారు. నేను ముందే చెప్పాను. "బాబూ, నాకొచ్చినవి వంటింటి మాటలు."

"పేరంటాలమ్మా, భాష అఖండము. వంటిల్లు, కచేరీ అను భేదము దానికి లేదు. అడిగినదానికి మాత్రము చెప్పండి. కార్యాలయాధికారి. తాను కొలవడు. కొలిచినవి సవ్యముగా వచ్చుచున్నవా అని వెనుక నిలిచి చూచును. అట్టివాడు బంగళాలో ఉండెనా?"

ఆలోచించాను. "ఉండేవాడు బాబూ. వండడు, వడ్డించడు. దొర భోంచేస్తుంటే తెల్ల చేతిజోళ్ళు తొడుక్కుని వెనకాల నిలబడేవాడు. మేత్ర్ దోతెల్ అనేవారు."

దక్షిణామూర్తి గారి ముఖం దీపంలా వెలిగింది. "మేత్ర్ దోతెల్! ఎంత గంభీరంగా ఉందండీ! ఇంగ్లీషులో ఈ బరువేది?"

విశ్వపతి గారు రాసుకున్నారు. "ఇతరులు తెచ్చిన సరుకుపై రంగులద్ది అలంకరించువాడు?" అంటే పటం గీసే ఆయన. కేకు మీద పంచదార పువ్వులు వేసే మనిషి గుర్తొచ్చాడు. పతిస్యే అన్నాను. సామాన్ల గుమాస్తాకి గార్ద్ మాంజే అన్నాను, ఊరగాయలూ ఎండుమాంసం దాచే గదికి తాళం అతని దగ్గరే ఉండేది. రేవు మెట్ల మీద కూర్చుని రోజుకి మూడుసార్లు నీటిమట్టం రాసుకునే వెంకటరత్నం దగ్గరికి వచ్చేసరికి, "పొంగుచున్నదా, దిగుచున్నదా అని కనిపెట్టి ఉండువాడు?" అన్నారు.

"అది నేనే బాబూ. పాలు పొంగకుండా చూసే పనిపిల్లని. బొన్ అనేవారు."

గుబురు మీసాల వెంకటరత్నం ఆ పూట నుంచి బొన్ అయ్యాడు. పాపం, "హాజరు పడుతుందా అండి?" అని మాత్రం అడిగాడు.

లాంచీ నడిపే సరంగు మస్తానుకి పోలిక కుదరలేదు, బంగళాకి లాంచీ లేదు. గుర్రబ్బండి ఉండేది. తోలేవాణ్ణి కొషే అనేవారన్నాను.

"అయితే కొరడా ఎప్పుడిత్తారండి?" అన్నాడు మస్తాను.

"అది గార్ద్ మాంజే గారికి విడిగా అర్జీ పెట్టుకో," అన్నారు దక్షిణామూర్తి గారు, నవ్వకుండా.

బంట్రోతులు, కాపలావాళ్ళు కలిపి అయిదుగురు మిగిలారు. వాళ్ళని చూడగానే తాతారావు గారు కర్ర పారేసి లేచి, "కపొరాల్!" అని రంకె వేశారు. అయిదుగురినీ చూసి అయిదుసార్లు వేశారు. ఆయన్ని తిరిగి కుర్చీలో కూర్చోబెట్టడానికి ముగ్గురు పట్టారు. అయిదుగురూ కపొరాళ్ళే, అంటే పటాలంలో చిన్న నాయకులే, అని రాసుకున్నారు.

ఆఖరికి పోలయ్య వచ్చి నిలబడ్డాడు.

"మన్నును నాలుకపై వేసుకొని రుచి చూచువాడు?"

"ఉప్పు చూసే వంటాయన ఉండేవాడు బాబూ," అన్నాను ఆశగా.

"ఉప్పు భక్ష్యము. మన్ను కాదు. మన్ను తిను ఉద్యోగి ఉండెనా?"

"మన్ను తినేవాణ్ణి ఏ దొర పెట్టుకుంటాడు?"

"మరి ఆ కాలమున మొగను ఎవరు కొలిచిరి?"

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. నా జ్ఞాపకం నాకు ఎప్పుడూ ఇలాంటి ద్రోహమే చేస్తుంది. "ఇతని తాత గంగులు. వరద తీశాక మొదటి రోజు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, అందరికంటే ముందు ఆయన తాడు పట్టుకుని దోనెలో వెళ్ళేవాడు. అది మా వాళ్ళ ఆనవాయితీ. ఆయన వెనక పడవలు, పడవల వెనక దొరగారి ఓడ. ఓడ కప్తాను కూడా ఆయన చెయ్యి ఎటు ఊపితే అటు తిప్పేవాడు."

"అతని హోదా?"

"హోదా ఏముంది. గంగులూ అని కేకేసేవారు."

"జీతము?"

"ఆనవాయితీకి జీతమేంటి బాబూ. తలో చేపా ఇచ్చేవారు."

విశ్వపతి గారు కలం మూత పెట్టారు. "అనగా హోదాయే లేకుండ ఆ పని జరిగినట్లు సాక్షి ఒప్పుకున్నది. హోదా లేకుండ జరిగిన పనికి ఉద్యోగమెందుకని ప్రశ్న ఉదయించుచున్నది. రాజధానికి వ్రాసెదను. జవాబు వచ్చు పర్యంతము ఇతడు మొగ వైపు పోరాదు."

ఆ రాత్రి మా అమ్మాయి వీరలచ్చి నా కంచంలో అన్నం పెట్టింది, పులుసు పొయ్యలేదు.

"అంత నోరెందుకే అమ్మా నీకు? ఏదో ఒక కూరగాయ పేరు సెప్పలేకపోయావా?"

"తోచలేదే."

"ఊరందరికీ తోసింది, మా ఆయన కాడికొచ్చేసరికి తోసలేదు."

పోలయ్య మాత్రం, "జవాబు రానీ అత్తా. ఏదో ఒకటి పెట్టకపోతారా," అన్నాడు. ఉద్యోగం ఇంకా గాలిలోనే ఉంది కనక, గాలికి అడ్డం రాకూడదని అతని ఆలోచన.

నాలుగో రోజున నరసయ్య కొడుకు చంద్రయ్య ఆగలేక, గెడలు లేకుండానే తన చిన్నపడవ తీశాడు. నిరుటి దారినే పోయాడు. మొగలో మేట మీదికెక్కి పడవ పక్కకి ఒరిగింది, వెనక అల వచ్చి నడుం విరిచింది. పడవలో ఉన్న అయిదుగురూ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. చంద్రయ్య భుజం జారింది. విరిగిన చెక్కలు రెండు రోజులు రేవులోకి కొట్టుకొస్తూనే ఉన్నాయి. నరసయ్య వాటిని ఏరి ఎండబెడుతూ మా గుమ్మం వైపు చూడలేదు. ముప్పై ఒక్క పడవలు మిగిలాయి.

దక్షిణామూర్తి గారికి నిజంగా బాధ కలిగింది. సంతాప తీర్మానం చేయించారు. దాని కింద మేత్ర్ దోతెల్ అని సంతకం పెట్టారు.

కొత్త హోదాల ఆవిష్కరణ పౌర్ణమినాడు పెట్టారు. పది ఫ్రెంచి హోదాలూ బంగారు అక్షరాలతో రాసిన పెద్ద బోర్డు తయారైంది. దాన్ని ఆఫీసు ముందు పెడితే ఊళ్ళోవాళ్ళు చూస్తారు, ఊళ్ళోవాళ్ళకి ఫ్రెంచి రాదు. అందుకని మొగ చివర ఇసక దిబ్బ మీద, సముద్రం వైపు తిప్పి పెట్టాలన్నారు విశ్వపతి గారు. ఫ్రెంచి ఓడలు వస్తే చదువుకుంటాయి. యాభై ఏళ్ళుగా ఒక్కటీ రాలేదని ఎవరో అంటే, "బోర్డు లేకపోవుటయే కారణము కావచ్చును," అన్నారు.

రాజధాని జవాబు కూడా ఆ పొద్దున్నే వచ్చింది. రేవులో అందరి ముందూ చదివారు. గుండు వేసే పనికి దొరల కాలంలో హోదా లేనట్టు సాక్ష్యం ఉన్నందున, ఆ ఉద్యోగం పూర్వాధారము లేనిదై, యాభై ఏళ్ళ కిందటి నుంచే రద్దయింది.

పోలయ్య ముందుకొచ్చాడు. "అయితే ఇరవై ఆరేళ్ళూ నేనేం సేశానండి?"

"అనధికార చర్య," అన్నారు దక్షిణామూర్తి గారు నెమ్మదిగా. "ఇప్పటివరకు చేసినదానికి చర్య తీసుకోవడం లేదు. అది మా ఔదార్యం."

"మరి మొగలోకి గుండు లేకుండా లాంచీ ఎలా ఎల్తాదండి?" అన్నాడు మస్తాను.

"పటం ఉంది కదా." పటం విప్పి చూపించారు. కొత్తగా అచ్చు వేయించారు. లోతులు నిరుటివి, హోదాలు ఈ ఏటివి.

బోర్డుతోపాటు అధికారులిద్దరూ లాంచీ ఎక్కారు, నన్ను కూడా ఎక్కించారు. సాక్షిని కదా. పైగా దొర బంగళాలో నిజమైన ఫ్రెంచి హోదా ఉన్నది ఊరి మొత్తానికి నాకొక్కదానికేనట. తాతారావు గారిని ఒడ్డున వందనం చేయడానికి ఉంచారు. పోటు నిండుగా ఉంది. ముప్పై ఒక్క పడవల వాళ్ళూ రేవులో నిలబడి చూస్తుండగా లాంచీ మొగలోకి దూసుకుపోయి, చంద్రయ్య పడవ విరిగిన మేటకి పాతిక గజాల ఇవతల, కడుపు నిండిన గేదెలా ఒక్క మూలుగు మూలిగి కూర్చుంది.

మస్తాను వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. ఇసక ఎర్రగా పైకి లేచింది తప్ప లాంచీ కదల్లేదు. ఆపైన పాటు మొదలైంది, నీరు దిగిపోతోంది.

"పౌర్ణమి పోటు మీద ఎక్కిందండి. మళ్ళీ అమాస పోటుకే దిగుద్ది," అన్నాడు మస్తాను. అని, చొక్కా విప్పి నెత్తికి చుట్టుకున్నాడు. "నేను గుర్రబ్బండోణ్ణి. నీళ్ళలో నాకేం పని?" మొలలోతు నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ పోయాడు.

కాసేపటికి రేవు వైపు నుంచి ఒక దోనె వచ్చింది. పోలయ్య. తాడు చివర మా ఇంటి రుబ్బురోలు పొత్రం కట్టుకున్నాడు, దాని అడుగున కొవ్వు ముద్ద.

"పోలయ్యా!" దక్షిణామూర్తి గారు గంతేశారు. "బాబ్బాబు, ఏ పక్క లోతుందో చూడు!"

"నేనెవరినండి సూడ్డానికి? నాకు ఉద్యోగవే లేదు. మా అత్తని దింపుకోడానికొచ్చాను. సొంత పని."

"ఆ తాడేమిటి?" అన్నారు విశ్వపతి గారు అనుమానంగా.

"మా అత్త పెద్దదండి. ఎక్కడ అడుగేత్తే మునుగుద్దో సూసుకోవాలి కదండి."

అత్త కోసమని పోలయ్య లాంచీ చుట్టూ పొత్రం వేశాడు. అత్త మీద అంత ప్రేమ ఏ అల్లుడూ చూపించి ఉండడు. తోక వైపంతా మోకాలి లోతు. కుడి పక్క రెండు బారలు, జిగురు బురద. నాలిక్కి రాసుకుని ఉమ్మేశాడు. ముక్కు దాటి ఎడం పక్కకి వచ్చి వేశాడు. ఒక ముడి, రెండు ముడులు, మూడు ముడులు మునిగాయి. పైకి లాగి, నలిపి, నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో నాలుగు చోట్ల సముద్రం దాకా వేసుకుంటూ పోయి తిరిగి వచ్చాడు.

"గరుకిసక అత్తా," అన్నాడు నాతో. ఆపైన దోనెలో నిలబడి రేవుకేసి చెయ్యి ఊపి, గుండెలు పగిలేలా కేక పెట్టాడు. "ఒరే! లాంచీ ముక్కుని కుడిసేతి పక్కనెట్టుకుని తిన్నగా వచ్చెయ్యండ్రా! మూడు బారలు!"

నన్ను దోనెలోకి దింపాడు. దక్షిణామూర్తి గారు కూడా కాలు బయట పెట్టారు.

"ఆగండి," అన్నారు విశ్వపతి గారు. "హోదా లేని వ్యక్తి నడుపు జలవాహనమున హోదా గల అధికారి ప్రయాణింపరాదు. పదిహేడవ నిబంధన."

"ఎవరు రాశారండీ ఆ దిక్కుమాలింది?"

"నేనే." ఆయన ఒక్క క్షణం నీళ్ళకేసి చూశారు. "వివరణ కోరుతూ రాజధానికి వ్రాసెదను." కేబిన్లోకి వెళ్ళి కూర్చుని నిజంగానే రాయడం మొదలుపెట్టారు. దక్షిణామూర్తి గారు కాలు లోపలికి తీసుకున్నారు.

పడవలు రావడం మొదలైంది. ముందు నరసయ్య పెద్దపడవ. చంద్రయ్య భుజానికి కట్టుతో ముందు కూర్చున్నాడు. మొగలో నురగ తెల్లగా ఉంది, లాంచీ తెల్లగా ఉంది, ఎండలో ఏది ముక్కో ఏది తోకో దూరానికి తెలియడం లేదు. ముక్కు మీద నల్ల కోటు వేసుకుని దక్షిణామూర్తి గారు నిలబడి ఉండడం మాత్రం కనబడుతోంది.

"ఆ కోటాయన్ని కుడిపక్కనెట్టుకుని పోరా!" అని నరసయ్య చుక్కాని పట్టినవాడికి చెప్పాడు. పడవ ఆయన పక్కనుంచే, గులకరాయి విసిరితే తగిలేంత దూరంలో, అలని చీల్చుకుని సముద్రంలో పడింది. వెనక రెండోది. ఆ వెనక ఇంకోటి. ఒక్కో పడవ దాటుతుంటే ఒడ్డున ఆడవాళ్ళు కేకలు పెడుతున్నారు, వీరలచ్చి గొంతు నాకు ఇక్కడికి వినబడుతోంది.

తొమ్మిది పడవలు దాటాక ఎండ మండిపోతోంది. దక్షిణామూర్తి గారు గొడుగు వేసుకుని, నీడ కోసం మెల్లగా లాంచీ తోక వైపు నడిచారు. పదో పడవ కూడా ఆయనతోపాటే మెల్లగా అటు తిరిగింది. దాని అడుగు ఇసకని గీరిన చప్పుడు మా దోనెలోకి వినబడింది. అందులో ఏడుగురున్నారు.

"అయ్యా!" పోలయ్య అరిచాడు. "అటెల్లకండయ్యా! మీరు ఎటెల్తే ఆళ్ళు అటొత్తన్నారు!"

దక్షిణామూర్తి గారు ఆగారు. పడవకేసి చూశారు. పడవలో ఏడు ముఖాలూ ఆయన్నే చూస్తున్నాయి. పదేళ్ళ ఉద్యోగంలో ఆయన్ని అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు. ఇంకా ఇరవై ఒక్క పడవలు వరసలో ఉన్నాయి.

ఆయన గొడుగు మడిచారు. వెనక్కి నడిచి వచ్చి, ముక్కు మీద, ఎండలో, కదలకుండా నిలబడ్డారు.